ఐదు దేశాలు, ఒక సకినాల డబ్బా

2010 డిసెంబర్‌లో జర్మనీలో ఉన్నవాళ్ళని ఎవరినైనా అడగండి, ముందు మంచు గురించే చెప్తారు. నెల మొదట్లోనే పట్టుకుంది, వదల్లేదు. రోడ్ల మీద చల్లడానికి దాచుకున్న ఉప్పు చాలా ఊళ్ళలో అయిపోవచ్చింది. విమానాలు రద్దయి జనం ఎయిర్‌పోర్టుల్లో మడత మంచాల మీద పడుకున్నారు. ఆ ఏడాది క్రిస్మస్‌కి దాదాపు దేశమంతా తెల్లగా ఉండింది. అలా జరగడం 1981 తర్వాత అదే మొదటిసారి అన్నారు.

సరిగ్గా ఆ వారంలోనే మేమిద్దరం అద్దె కారు తీసుకుని బయల్దేరాం. మేముండేది ఎర్లాంగెన్‌లో, నూరెంబర్గ్ పక్కన. అక్కడి నుంచి ప్రాగ్, తర్వాత వియన్నా, బ్రటిస్లావా, బుడాపెస్ట్. మ్యాప్‌లో చూస్తే నాలుగూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఇండియాకి వెళ్దామంటే టికెట్ల ధరలు చూసి కళ్ళు తిరిగాయి. పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు.

పెళ్ళి సంగతి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈ ప్రయాణం సగమే అర్థమవుతుంది. నాది హన్మకొండ, మా ఆయనది ఆకివీడు. మాదాపూర్‌లో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళం. ఇంట్లో వాళ్ళు ఒప్పుకుని, మాటలు మొదలుపెట్టేసరికి 2009 డిసెంబర్ వచ్చింది. తొమ్మిదో తారీఖు రాత్రి తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో ప్రకటన చేశారు, మర్నాటి నుంచి ఆంధ్ర వైపు బందులు. ఆ తర్వాత ఇటు తెలంగాణ వైపు బందులు. మా మామగారు వాళ్ళు లగ్నపత్రికకి రావాల్సిన రోజున బస్సుల్లేవు, రైళ్ళు ఎక్కడివక్కడే ఆగాయి. మా బాబాయి ఒకాయన, ‘ఇప్పుడు ఆంధ్రోళ్ళకి పిల్లనిస్తరా?’ అని నాన్న ముఖం మీదే అడిగాడు. అక్కడ వాళ్ళ పెదనాన్న ఏమన్నాడో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అది ఇక్కడ రాయను. మొత్తానికి ఫిబ్రవరిలో పెళ్ళయింది. తను ప్రాజెక్టు మీద జర్మనీ వచ్చాడు, వెనకే నేనూ వచ్చాను.

కారు స్కోడా. ఖరీదైన బ్రాండ్లయితే తూర్పు దేశాలకి తీసుకెళ్ళనివ్వమని అద్దెకిచ్చేవాళ్ళు ముందే చెప్పారు. ఏయే దేశాలకి వెళ్తున్నామో రాయించుకున్నారు. వింటర్ టైర్లున్నాయో లేదో తను వంగి చూసుకున్నాడు. ఆ నెల నాలుగో తారీఖునే జర్మనీలో టైర్ల నిబంధన గట్టి చేశారు, మంచు రోడ్డు మీద మామూలు టైర్లతో దొరికితే జరిమానా. వెనక డిక్కీలో రైస్ కుక్కర్, పది కిలోల సోనా మసూరి సంచిలో మిగిలిన సగం, ఆవకాయ, కందిపొడి. మా అమ్మ దసరాకే కొరియర్ చేసిన సకినాల డబ్బా మాత్రం నా ఒళ్ళోనే. సంక్రాంతికి చేసే సకినాలు దసరాకి ఎందుకంటే, సంక్రాంతికి పంపితే ఉగాదికి అందుతాయని మా అమ్మ లెక్క.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం నూరెంబర్గ్ క్రిస్మస్ మార్కెట్టుకి వెళ్ళాం. హౌప్ట్‌మార్క్ట్ అనే పెద్ద చౌకు, దాని నిండా ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన కొట్లు. ఎండబెట్టిన ప్లమ్ పళ్ళతో, చేతులూ కాళ్ళూ పెట్టి చేసిన చిన్న చిన్న బొమ్మలు అమ్ముతారు. పోలీసు, పొగ గొట్టాలు తుడిచేవాడు, ముసలి దంపతులు. వేలెడు సైజు సాసేజీలు మూడు ఒక బన్నులో పెట్టి ఇస్తారు. బెల్లం, మసాలా దినుసుల వాసన వచ్చే లెబ్‌కూకెన్ బిళ్ళలు. ఇవన్నీ అందరూ ఫోటోల్లో చూసేవే. నాకు గుర్తుండిపోయింది వేడి వైన్ కప్పు. కప్పుకి డిపాజిట్ కట్టాలి, తిరిగిస్తే డబ్బులిస్తారు, ఇష్టమైతే కప్పు ఉంచేసుకోవచ్చు. మేం ఉంచేసుకున్నాం. తర్వాత ప్రతి ఊళ్ళోనూ ఒకటి ఉంచేసుకుంటూ పోయాం. కారులో వెనక సీటు కింద అవి గలగలలాడుతుంటే ‘వెనకాల మేకల మంద వస్తున్నట్టుంది’ అనేవాడు తను.

పొద్దున్నే కారు అద్దాల మీద గడ్డకట్టిన మంచు గీకడంతో మొదలు. దానికో ప్లాస్టిక్ గరిటె ఉంటుంది. తను ముందు అద్దం, నేను పక్క అద్దాలు. అద్దాలు కడిగే నీళ్ళు కూడా గడ్డకట్టకుండా మందు కలిపినవి పొయ్యాలి, దాని ఘాటు స్పిరిటు వాసన కారు లోపలికి వస్తుంది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది ప్రాగ్ వెళ్ళే దారే.

ఏ6 హైవే మీద తూర్పుకి వెళ్తే వైడ్‌హౌస్ దగ్గర జర్మనీ అయిపోతుంది. నేను పాస్‌పోర్టులు రెండూ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వీసా అప్పట్లో కార్డు కాదు, పాస్‌పోర్టు లోపల అంటించిన స్టిక్కరు. పెద్ద రేకుల షెడ్డు, దాని కింద వరసగా గాజు గూళ్ళు కనిపించాయి. తను వేగం తగ్గించాడు. గూళ్ళలో ఎవరూ లేరు. కొన్నిటికి అద్దాలు పగిలి ఉన్నాయి, లోపల మంచు. ముందున్న లారీ ఆగకుండా వెళ్ళిపోయింది. మేమూ వెళ్ళిపోయాం. అంతే, చెక్ దేశం. 2007 డిసెంబర్ 21న చెక్, స్లొవేకియా, హంగరీ కూడా షెంగెన్‌లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న దేశాల ఒప్పందంలో, చేరాక ఆ గూళ్ళకి పని లేకుండా పోయింది. నేను ఇంకో అరగంట పాస్‌పోర్టులు చేతిలోనే పట్టుకుని ఉన్నాను. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆపుతారని నమ్మకం.

‘హైదరాబాద్ నుంచి మా ఊరు పోవాలంటే రేపు వీళ్ళ దేశంలా ఇలా ఖాళీ షెడ్డు ఉంటుందా, మనిషి కూర్చుని ఉంటాడా?’ అన్నాడు తను, ముందుకే చూస్తూ. నేను జవాబు చెప్పలేదు. మేం బయల్దేరడానికి రెండు రోజుల ముందే, 16న, వరంగల్‌లో తెలంగాణ మహాగర్జన సభ జరిగింది. మా తమ్ముడు పొద్దున్నే వెళ్ళి అర్ధరాత్రి ఇంటికొచ్చాడు, గొంతు పోయింది, స్కైప్‌లో మాట్లాడలేకపోయాడు. అదే వారం ఆకివీడులో మా అత్తగారు, అకాల వర్షాలకి పనలు నానిపోయి వడ్లు మొలకెత్తాయని ఏడ్చింది. రాష్ట్ర విభజన సంగతి చూడమని కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక నెలాఖరుకి రావాలి. ఇవన్నీ మాతోపాటే కారెక్కాయి.

చెక్‌లో అడుగుపెట్టగానే అప్పట్లో హైవే స్టిక్కరు కొని అద్దానికి అంటించాల్సి వచ్చేది, పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వేసి ఉంచాలి, నడిపేవాడు చుక్క కూడా ముట్టకూడదు. ఈ మూడో నిబంధన వల్ల ఆ ప్రయాణంలో చాలా చోట్ల వేడి వైన్ నాకు, పిల్లల కోసం చేసే పళ్ళరసం తనకు. మా అమ్మ ఇది చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

ప్రాగ్ గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు. చార్లెస్ బ్రిడ్జి మీద మంచులో నిలబడ్డ విగ్రహాలు బాగుంటాయి, నిజమే. ఆ వంతెనకి 1357 జూలై 9న పొద్దున 5 గంటల 31 నిమిషాలకి శంకుస్థాపన చేశారని చెప్తారు. ఏడాది, తేదీ, నెల, సమయం వరసగా రాస్తే 1 3 5 7 9 7 5 3 1, ఎక్కుతూ దిగే బేసి సంఖ్యలు. ముహూర్తం పెట్టింది జ్యోతిష్కులేనట. ‘చూశావా, మనవాళ్ళొక్కళ్ళే కాదు’ అన్నాడు. మా పెళ్ళికి తెల్లవారుజామున మూడున్నరకి ముహూర్తం పెట్టించింది వాళ్ళ నాన్నే, ఆ నిద్ర కోపం నాకు అప్పటికీ పోలేదు. పాత చౌకులో గడియారం ఉంది. 1410 నాటిది, మేం వెళ్ళేసరికి సరిగ్గా ఆరు వందల ఏళ్ళు. గంట గంటకీ అస్థిపంజరం చిన్న గంట మోగిస్తుంది, కిటికీలో అపోస్తలులు, అంటే యేసు శిష్యులు, ఒక్కొక్కరూ తొంగి చూసి వెళ్తారు. కింద రెండు వందల మంది తలలెత్తి నిలబడి, అది అయిపోగానే ఇంతేనా అన్నట్టు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుంటారు. నాకు ఆ ముఖాలే నచ్చాయి.

కానీ ప్రాగ్‌లో మా ఆయన మనసు పారేసుకున్నది వంతెన దగ్గరా కాదు, కోట దగ్గరా కాదు. బయల్దేరే ఉదయం ట్రామ్ స్టాపు పక్కన పేవ్‌మెంట్ మీద పెద్ద పెద్ద నీలం తొట్లు పెట్టి ఉన్నాయి. వాటిలో బతికున్న చేపలు. రబ్బరు ఏప్రాన్లు కట్టుకున్న ఇద్దరు మనుషులు, ఒక చెక్క బల్ల, తక్కెడ, చుట్టూ వరస. తను నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

‘బంగారు తీగ!’ అన్నాడు.

ఆకివీడు వాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కొల్లేరు చుట్టూ చేపల చెరువులే. వాళ్ళ నాన్నకీ రెండు చెరువులుండేవి, అందులో ఎక్కువగా బొచ్చె, శీలావతి. అడుగున మేసేందుకు కొంచెం బంగారు తీగ. చిన్నప్పుడు పట్టుబడి రోజున లారీలో ఐసు పరిచే పని తనదేనట. చెక్ వాళ్ళు క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనానికి ఇదే చేపని ముక్కలు కోసి, రొట్టె పొడి అద్ది వేయిస్తారు, పక్కన బంగాళాదుంప సలాడ్ పెడతారు. చేపలు వచ్చేది దక్షిణాన త్రెబోన్ వైపు నుంచి. అక్కడ చెరువులు మధ్య యుగాల నుంచీ ఉన్నాయి. రోజ్‌మ్‌బెర్క్ అనే చెరువు ఒకటి 16వ శతాబ్దం చివర్లో తవ్వింది, ఇప్పటికీ అందులో చేపలు పెంచుతున్నారు. చలికాలం ముందు నీళ్ళు వదిలేసి, వలలతో ఒక మూలకి తోలి పడతారు. కొన్ని ఇళ్ళలో చేపని కొని రెండు రోజులు స్నానాల తొట్లో ఉంచుకుంటారట, పిల్లలు దానికి పేరు కూడా పెడతారట. ఆ తర్వాత తినాలంటే ఎంత కష్టమో ఆలోచించండి.

చలి మైనస్ ఎనిమిదో తొమ్మిదో. తను మాత్రం అక్కడే నిలబడ్డాడు. అమ్మేవాడు చేపని వలగరిటెతో ఎత్తడం, తూచడం, సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యడం, పొలుసు గీకడం అన్నీ పరీక్షగా చూశాడు. ‘పొలుసు తోక నుంచి గీకాలి, వీడు బాగానే గీకుతున్నాడు’ అని నాకు రన్నింగ్ కామెంటరీ. వరసలో ఉన్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి నవ్వి, బల్ల మీద నుంచి రూపాయి బిళ్ళంత పొలుసు ఒకటి తీసి తుడిచి తనకిచ్చింది. పర్సు చూపించి, అందులో పెట్టుకోమని సైగ చేసింది. అలా పెట్టుకుంటే ఏడాదంతా డబ్బుకి లోటుండదని అక్కడి నమ్మకం. తను బుద్ధిగా పెట్టుకున్నాడు. దానివల్ల డబ్బొచ్చిందా అంటే ఏమో గానీ, వియన్నా చేరేదాకా కారులో నీచు వాసన వచ్చింది. పెళ్ళికి ముందు మూడేళ్ళు ఒకే ఫ్లోర్‌లో పనిచేశాం. కానీ తను దేన్ని చూస్తే అలా ఆగిపోతాడో నాకు ఆ ట్రామ్ స్టాపు దగ్గరే తెలిసింది.

ప్రాగ్ నుంచి బ్ర్నో వెళ్ళే డీ1 హైవే అప్పట్లో కాంక్రీటు పలకల రోడ్డు. ప్రతి అతుకు దగ్గరా టైర్లు టక్‌టక్ మంటాయి, గంటల తరబడి అదే చప్పుడు. దానికితోడు మంచు తీసే నారింజ రంగు బండ్లు రెండు పక్కపక్కనే నెమ్మదిగా పోతుంటే, వాటి వెనకాల వందల కార్లు. దాటడానికి లేదు. అలా ఇరుక్కున్నప్పుడే మా అసలు గొడవ అయింది.

మొదలుపెట్టింది నేనే. ‘ఈ దేశం, రేపు మనం పోయే స్లొవేకియా, 1992 దాకా ఒకటే’ అన్నాను. 1993 జనవరి 1న విడిపోయాయి. ఒక్క తూటా పేలలేదు. ఇద్దరు నాయకులు, చెక్ వైపు క్లౌస్, స్లొవాక్ వైపు మెచియార్, మేం వెళ్తున్న ఆ బ్ర్నో ఊళ్ళోనే తుగెన్‌డ్హాట్ అనే ఇంట్లో కూర్చుని 1992 ఆగస్టులో మాట్లాడుకున్నారు. జనాభాని బట్టి ఆస్తులు రెండుకి ఒకటి చొప్పున పంచుకున్నారు.

‘జనాన్ని అడిగారా?’ అన్నాడు తను.

అడగలేదు. రెఫరెండం పెట్టలేదు, సర్వేల్లో ఎక్కువమంది విడిపోవద్దనే అన్నారు. ఆ సంగతి తనకి తెలుసని నాకు తెలియదు. ‘చూశావా, నాయకులు పంచుకున్నారు, జనం చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడేమో మళ్ళీ అందరూ ఒకే యూరోపియన్ యూనియన్‌లో చేరి షెడ్లు ఖాళీ చేసుకున్నారు. ఈ మాత్రానికి విడిపోవడం ఎందుకు?’

‘విడిపోయారు కాబట్టే ఇప్పుడు కలిసి బాగున్నారు. కలిసే ఉంటే ఈపాటికి తన్నుకునేవాళ్ళు.’

‘ప్రాగ్ మాదంటే మాదని వాళ్ళు కొట్టుకోలేదుగా. హైదరాబాద్ సంగతేంటి? కూకట్‌పల్లిలో మా అన్నయ్య ఇల్లు కట్టుకున్నాడు. రేపు వాడెక్కడివాడు?’

నిజం చెప్పాలంటే, అది ఆలోచించాల్సిన ప్రశ్నే. చెకొస్లొవేకియా తేలిగ్గా విడిపోయిందంటే ముఖ్య కారణం అదే అనిపిస్తుంది నాకు. ప్రాగ్‌ని స్లొవాక్‌లు ఎప్పుడూ తమ ఊరనుకోలేదు. కానీ ఆ పూట నాకు అంత నిదానం లేదు. మా నాన్న ఉద్యోగం సంగతి, 1969 ఉద్యమంలో మా పెదనాన్న కాలికి తగిలిన దెబ్బ సంగతి, కాలువలు లేని మా ఊరి పొలాల సంగతి అన్నీ బయటికి తీశాను. తనూ తగ్గలేదు. బ్ర్నో దాటేదాకా ఒకళ్ళతో ఒకళ్ళం మాట్లాడలేదు. టక్‌టక్ టక్‌టక్.

తర్వాత తను చెయ్యి చాపాడు, కళ్ళు రోడ్డు మీదే. ‘సకినం ఒకటియ్యి’ అన్నాడు. ఇచ్చాను. రెండో సకినం తింటూ, ‘మీవాళ్ళు రాష్ట్రం తీసుకుంటే తీసుకోండి గానీ, ఇవి మాత్రం ఉమ్మడి ఆస్తి’ అన్నాడు. కోపం నిలబెట్టుకుందామని చాలా ప్రయత్నించాను.

మికులోవ్ దగ్గర కొండ మీద కోట కనిపిస్తుంది, అది దాటగానే ఆస్ట్రియా. అప్పటికి అక్కడ మోటార్‌వే రాలేదు. ద్రాక్ష తోటల మధ్య, పల్లెటూళ్ళ మధ్యగా మామూలు రోడ్డు. ప్రతి ఊళ్ళో చర్చి గోపురం, దాని ముందు దీపాలు చుట్టిన చెట్టు, వీధిలో మనిషి లేడు. కమ్యూనిస్టుల కాలంలో ఆ తోటల మీదుగా కరెంటు పారే ముళ్ళకంచె ఉండేది. మాకు ఊరి పేరు బోర్డు మీద భాష మారడమే కనిపించింది.

వియన్నా సంగతి క్లుప్తంగా తేల్చేస్తాను. చాలా గొప్ప ఊరు. స్టెఫాన్ కథీడ్రల్ దక్షిణ గోపురానికి 343 మెట్లు. ఎక్కాం. రాట్‌హౌస్, అంటే టౌన్ హాలు, ముందు మార్కెట్టు. చూశాం. 1897 నాటి పెద్ద రంగులరాట్నం. ఎక్కాం. కాఫీ హౌస్‌లో వెండి పళ్ళెంలో కాఫీ, పక్కన గాజు గ్లాసులో మంచినీళ్ళు. తాగాం. డాన్యూబ్ ఎక్కడా అంటే, ఊరి మధ్యలో ఉన్నది కాలువేననీ అసలు నది అవతల ఎక్కడో ఉందనీ చెప్పారు. పెళ్ళివారింట్లో మంచి చీర కట్టుకుని కూర్చున్నట్టే ఉండింది నాకు ఆ ఊళ్ళో ఉన్నంతసేపూ. నాష్‌మార్క్ట్ అనే బజారు దగ్గర ఒక దుకాణంలో కరివేపాకు దొరికింది, అదొక్కటీ మాత్రం పండగ.

వియన్నా నుంచి బ్రటిస్లావా గంట ప్రయాణం. రెండూ రెండు దేశాల రాజధానులు, హన్మకొండ నుంచి సిద్దిపేట పోయినంత కూడా లేదు. బ్రటిస్లావాని అందరూ మధ్యలో దిగి టీ తాగి వెళ్ళే ఊరిలా చూస్తారు. నాకైతే ఆ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చింది అదే. పాత ఊరు అరగంటలో చుట్టి రావచ్చు. వీధి మలుపులో మ్యాన్‌హోల్ లోంచి సగం బయటికొచ్చి గడ్డం చేతుల మీద ఆనించి చూస్తున్న కంచు మనిషి ఉంటాడు, పేరు చుమిల్. 1997లో పెట్టారు. నెత్తి మీద జనం చెయ్యి పెట్టి పెట్టి మెరిసిపోతుంది. సెయింట్ మార్టిన్ చర్చి గోపురం మీద శిలువ ఉండాల్సిన చోట బంగారు పూత పూసిన కిరీటం ఉంది. 1563 నుంచి 1830 దాకా హంగరీ రాజులకి పట్టాభిషేకం జరిగింది అక్కడే, మరియా తెరెసాకి కూడా. ఇది విని మా ఆయన తల పట్టుకున్నాడు. ‘అంటే స్లొవేకియా రాజధాని హంగరీ రాజధానిగా ఉండేది. ఇప్పుడు వీళ్ళు వేరు, వాళ్ళు వేరు. మరి ఊరు ఎవరిది?’

‘ఉన్నవాళ్ళది’ అన్నాను. ఇది అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చిన మాటే. కూకట్‌పల్లి బావగారి ఇల్లు గుర్తొచ్చి ఇద్దరం నవ్వాం.

చౌకులో లోక్షే అని అమ్ముతున్నారు. ఉడకబెట్టిన బంగాళాదుంపలో పిండి కలిపి, పల్చగా ఒత్తి, పెనం మీద కాల్చి బాతు కొవ్వు రాసి మడిచి ఇస్తారు. వెల్లుల్లిది ఒకటి, గసగసాలది ఒకటి. సాయంత్రం కొత్త వంతెన స్తంభం మీద ఉన్న గుండ్రటి గది ఎక్కాం, చూడ్డానికి పళ్ళెం ఎగురుతున్నట్టు ఉంటుంది, 1972లో కట్టారు. ఒకవైపు కోట. ఇంకోవైపు పెత్రజాల్కా, ఒకే రకం కాంక్రీటు అపార్ట్‌మెంట్లు బారులు బారులుగా. ఆ బారులు అయిపోయినచోట చీకటి, ఆ చీకటి పొలాలు ఆస్ట్రియావి. 1989కి ముందు ఆ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకి కిటికీలోంచి కనిపించే ఆ పొలాలకి వెళ్ళే దారే లేదు. మొరావా నది డాన్యూబ్‌లో కలిసే డెవీన్ దగ్గర, ఈది పారిపోబోయి చనిపోయినవాళ్ళకి స్మారకం ఉంది. మర్నాడు పొద్దున అక్కడా ఆగాం. నది ఒడ్డున మంచు గడ్డలు తేలుతున్నాయి. అవతలి గట్టు రాయి విసిరితే తగిలేంత దూరంలోనే ఉంది.

బుడాపెస్ట్ చేరేసరికి మా బట్టలన్నిటికీ కందిపొడి వాసన. హంగరీలో స్టిక్కరు ఉండదు, పెట్రోలు బంకులో కారు నంబరు చెప్పి డబ్బు కడితే కంప్యూటర్‌లో ఎక్కుతుంది, కెమెరాలు చూసుకుంటాయి. ఈ ఊళ్ళో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నది ఇక్కడ నిజంగా ఊరి మధ్యలో ఉంది. అటు బుడా, ఇటు పెస్ట్, మధ్యలో 1849 నాటి గొలుసుల వంతెన. పార్లమెంటు భవనం గోపురం, సెయింట్ స్టీఫెన్ బసిలికా గోపురం రెండూ 96 మీటర్లే. మజార్లు, అంటే హంగరీ వాళ్ళ పూర్వీకులు, 896లో అక్కడికొచ్చి స్థిరపడ్డారని ఆ లెక్క. ఇక్కడ కూడా ముహూర్తమే!

సెచెన్యీ స్నానాల గురించి రాయాలంటే ఇప్పటికీ సిగ్గే. భూమిలోంచి 70 డిగ్రీలు దాటిన వేడితో ఊరే నీళ్ళు, చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. పసుపు రంగు రాజభవనం లాంటి కట్టడం, మధ్యలో ఆరుబయట కొలను. గట్టు మీద మంచు, నీళ్ళ మీద ఆవిరి, ఆవిరిలో మెడదాకా మునిగి చదరంగం ఆడుకునే పెద్దమనుషులు. స్విమ్మింగ్ డ్రెస్ ఎర్లాంగెన్‌లోనే కొన్నాను గానీ, వేసుకుని ఆ చలిలో తలుపు తీసుకుని బయటికి నడవడం వేరే సంగతి. తను ముందే దిగి, తల మాత్రం కనిపించేలా నిలబడి ‘వచ్చెయ్, ఎవరూ చూడట్లేదు’ అని కేకలు. తెలుగులో. నిజంగానే ఎవరూ చూడలేదు. హన్మకొండలో పెరిగిన ఆడపిల్లకి అంతమంది మధ్య ఎవరూ చూడకపోవడం ఎంత కొత్తగా ఉంటుందో నేను ఎవరికీ చెప్పలేదు, తనకి తప్ప.

డిసెంబర్ 24 మధ్యాహ్నానికి ఊరు మూసేశారు. దుకాణాలు, హోటళ్ళు, చివరికి సాయంత్రానికల్లా ట్రాములు కూడా. పూరీలా వేయించి పైన వెల్లుల్లి, మీగడ, జున్ను వేసే లాంగోష్ తిందామనుకుని వెళ్తే కొట్టు కట్టేస్తున్నారు. ఇక కుక్కర్ పెట్టాను. వియన్నా కరివేపాకు, చివరి నిమ్మకాయ, పులిహోర. ఇద్దరి ఇళ్ళకీ స్కైప్ చేశాం. ‘ఏ ఊర్లో ఉన్నవే?’ అంది అమ్మ. ‘ఏం తిన్నారమ్మా?’ అంది అత్తగారు. సరిగ్గా ఆ వరసలోనే అడుగుతారు ఎప్పుడూ. అర్ధరాత్రి నడుచుకుంటూ బసిలికాకి వెళ్ళి వెనకాల నిలబడ్డాం. ఒక్క ముక్క అర్థం కాలేదు, పాట మాత్రం బాగుంది.

26న తిరుగు ప్రయాణం. హంగరీ సరిహద్దులో హెగ్యెష్‌హలోమ్ దగ్గర మళ్ళీ ఖాళీ షెడ్డు. ఈసారి పాస్‌పోర్టులు డాష్‌బోర్డులోనే ఉన్నాయి, నేను తీయను కూడా లేదు. చీకటి పడుతుండగా పార్న్‌డోర్ఫ్ మైదానం వచ్చింది. రోడ్డుకి రెండు వైపులా వందల గాలిమరలు, అన్నిటి మీదా ఎర్ర దీపాలు ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోతుంటాయి. కారుని గాలి పక్కకి తోస్తోంది. ఇద్దరం మాట్లాడకుండా అది దాటాం.

లింజ్ తర్వాత మళ్ళీ మంచు. పాసావు దాటి జర్మనీలోకి వచ్చాక, ఇంకేముంది ఇల్లొచ్చేసింది అనుకుంటుండగా ఒక మామూలు కారు మమ్మల్ని దాటి ముందుకొచ్చింది. దాని వెనక అద్దంలో వెంట రమ్మని ఎర్రటి అక్షరాలు వెలిగాయి. సివిల్ డ్రెస్‌లో పోలీసులు. సరిహద్దులో షెడ్డు తీసేసినా, బవేరియాలో హైవేల మీద ఇలా ఎక్కడైనా ఆపి చూస్తారు. పార్కింగ్‌లోకి తీసుకెళ్ళి, పాస్‌పోర్టుల్లో స్టిక్కర్ల మీద టార్చి వేసి, ఎక్కడి నుంచి వస్తున్నారు అని అడిగారు. తను వరసగా చెప్పాడు. డిక్కీ తెరవమన్నారు. కుక్కర్, కప్పుల సంచి, బియ్యం. నా ఒళ్ళో డబ్బా ఏమిటన్నారు. మూత తీసి చూపించాను, అడుగున నాలుగు మిగిలాయి. ఒకాయన ఒకటి తీసుకుని అటూఇటూ తిప్పి చూసి, నాకే తిరిగిచ్చాడు. మర్యాదగానే మాట్లాడారు, హ్యాపీ న్యూ ఇయర్ కూడా చెప్పారు. అయినా ఇల్లు చేరేదాకా నా గుండె దడ తగ్గలేదు.

30న కమిటీ నివేదిక ఇచ్చింది, జనవరి ఆరున బయటపెట్టారు. ఆరు ఆప్షన్లు. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని చదివి, ఇద్దరమూ కోపం తెచ్చుకున్నాం, వేరే వేరే కారణాలకి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కూకట్‌పల్లిలో బావగారు అక్కడే ఉన్నారు, పైన ఇంకో అంతస్తు వేశారు. కోదాడ దాటాక మా ఊళ్ళ మధ్య ఏం షెడ్లు వస్తాయో అని ఆ రోజు తను అడిగిన ప్రశ్నకి జవాబు, టోల్‌గేటు.

2015 ఆగస్టు 27న ఆ గాలిమరల దగ్గర, మేం వెళ్ళిన ఏ4 రోడ్డు పక్కనే, వదిలేసిన కోడిమాంసం లారీలో 71 మంది శవాలు దొరికాయి. సిరియా, ఇరాక్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్ నుంచి బయల్దేరి హంగరీ దాటి వచ్చినవాళ్ళు. ఊపిరాడక చనిపోయారు. వాళ్ళలో పిల్లలున్నారు. మాకు ఆ రోడ్డు అంత తేలిక కావడానికి కారణం షెడ్డు ఖాళీగా ఉండటం ఒక్కటే కాదని, పాస్‌పోర్టులో ఆ స్టిక్కరు ఉండటం కూడా అని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ తర్వాతి నెలలోనే జర్మనీ ఆస్ట్రియా సరిహద్దులో తనిఖీలు మళ్ళీ పెట్టింది. 2024 నుంచి అన్ని వైపులా పెట్టింది. పాసావు దగ్గర గంటల తరబడి ఆగాల్సి వస్తోందని అక్కడున్న స్నేహితులు ఫోన్లో విసుక్కుంటారు.

మేం 2016లో హైదరాబాద్ వచ్చేశాం. కప్పుల్లో రెండు పగిలాయి, మిగిలినవాటిలో పిల్లలు బూస్ట్ తాగుతారు. పొలుసు మూడు పర్సులు మారింది. ఇప్పుడు పిల్లలకి ఆ దారంతా చూపించాలని ఉంది మా ఇద్దరికీ. ఎప్పుడన్నదే తేలట్లేదు. అక్టోబర్‌లో వెళ్తే త్రెబోన్‌లో చెరువు పట్టుబడి చూడొచ్చని తను. మంచు లేకపోతే అదేం ప్రయాణమని నేను. ఈసారి సగం దూరం నేనే నడుపుతాను కాబట్టి నా మాటే నెగ్గాలని నా వాదన. పాప మాత్రం చేప పొలుసు తనక్కూడా ఒకటి కావాలంటుంది, అందుకని ప్రస్తుతానికి ఓట్లు వాళ్ళ నాన్న వైపే ఎక్కువున్నాయి.